తుంటి, తొడ కండరాలు: చేతితో చదివే పాఠం



ఇంటర్ బైపీసీ తర్వాత నర్సింగ్, ఏఎన్ఎం, ఫిజియోథెరపీ, ఎంబీబీఎస్ చదవాలని అనుకునేవారు మన హాస్టల్‌లో చాలామంది ఉన్నారు. ఒకప్పుడు ఈ చదువులకు హైదరాబాదో వరంగలో వెళ్లవలసి వచ్చేది. ఆదిలాబాద్‌లో రిమ్స్ 2008లో మొదలైంది. 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండంలలో, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. కాలేజీ దగ్గరికి వచ్చింది. కానీ మొదటి సంవత్సరం అనాటమీ మాత్రం ఇంకా మన పిల్లలకు దూరంగానే కనిపిస్తుంది.

ఇదే హాస్టల్ అన్నం తిని చదువుకున్న మేము ఫిజియోథెరపీ డిగ్రీ పూర్తి చేసి ఇప్పుడు పీజీ చదువుతున్నాం. మా ఇళ్లలో డిగ్రీ పట్టా అందుకున్నది మేమే మొదలు. తెలుగు మీడియంలో ‘బంతి గిన్నె కీలు’ అని చదువుకొని పోయిన మాకు, చౌరాసియా పుస్తకం రెండో భాగం తెరవగానే కాలు ఒక కొత్త దేశంలా అనిపించింది. పేర్లు బట్టీ పట్టినంతకాలం అవి నిలవలేదు. కండరం చేత పని చేయించి, దాన్ని చేతితో తాకి చూసిన రోజు నుంచి మరచిపోలేదు. ఈ తాకి చూసే విద్యనే పాల్పేషన్ అంటారు. ఆ పద్ధతిలో తుంటి, తొడ కండరాలను ఈ వ్యాసంలో నేర్చుకుందాం.

పేర్లకు భయపడవద్దు

కండరాల పేర్లు ఎక్కువగా లాటిన్, గ్రీకు మాటలు. విడదీస్తే అవి మామూలు మాటలే. గ్లూటియస్ అంటే పిరుదుకు చెందినది. మాక్సిమస్ అన్నిటికన్నా పెద్దది, మీడియస్ మధ్యది, మినిమస్ చిన్నది. వాస్టస్ అంటే విశాలమైనది. లాటరాలిస్ బయటి వైపుది, మీడియాలిస్ లోపలి వైపుది. రెక్టస్ అంటే నిటారుగా ఉన్నది. బైసెప్స్ అంటే రెండు తలలది, క్వాడ్రిసెప్స్ అంటే నాలుగు తలలది. అడక్టర్ కాలును దగ్గరకు లాగేది, అబ్డక్టర్ దూరంగా తీసుకువెళ్లేది. ఈ పది పన్నెండు మాటలు తెలిస్తే తొడలో సగం పాఠం వచ్చినట్టే.

ప్రతి కండరానికి నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఎక్కడ మొదలవుతుంది? ఎక్కడ అతుక్కుంటుంది? ఏ నరం దానికి ఆజ్ఞ ఇస్తుంది? అది ఏ పని చేస్తుంది? పరీక్షలో మార్కులు మొదటి మూడింటికి ఎక్కువ వస్తాయి. కానీ చేతికి దారి చూపేది నాలుగోదే.

తాకే ముందు పాటించవలసిన నియమాలు

1. అడగకుండా ఎవరినీ తాకరాదు. ఎక్కడ తాకుతామో, ఎందుకు తాకుతామో ముందే చెప్పాలి. వారు వద్దంటే అక్కడితో ఆపాలి.

2. హాస్టల్‌లో అభ్యాసం చేసేటప్పుడు అబ్బాయిలు అబ్బాయిలతో, అమ్మాయిలు అమ్మాయిలతో చేయాలి. ఒక్కరే కాక ముగ్గురు నలుగురు కలిసి చేస్తే మంచిది. మోకాలి వరకు నిక్కరు ఉంటే చాలు, మిగతా భాగం దుప్పటితో కప్పాలి.

3. గజ్జల దగ్గరి భాగాలను ఎవరికి వారే తమ శరీరం మీద చూసుకోవాలి.

4. గోళ్లు కత్తిరించుకోవాలి. చేతులు కడుక్కొని, చలికాలమైతే రుద్ది వెచ్చబరచుకోవాలి. చల్లటి చేయి తగిలితే కండరం బిగుసుకుంటుంది.

5. వేలి కొనతో పొడవకూడదు, వేళ్ల మెత్తటి భాగంతో తాకాలి. గట్టిగా నొక్కితే ఎక్కువ తెలుస్తుందనుకోవడం సరికాదు. నెమ్మదిగా తాకిన చేతికే తేడా తెలుస్తుంది.

ముందు బొక్కలు, తర్వాత కండరాలు

ఊరు తెలియనివాడు ముందు గుడి, చెరువు గుర్తు పెట్టుకుంటాడు. శరీరంలో బొక్కలు అలాంటి గుర్తులు. తుంటి దగ్గర ఐదు చాలు.

మొదటిది ఇలియాక్ క్రెస్ట్. నడుము మీద రెండు చేతులు పెట్టుకొని నిలబడితే చేయి ఆగే గట్టే అది. రెండు వైపుల గట్ల పైభాగాలను కలుపుతూ వీపు మీద ఒక గీత ఊహిస్తే అది సుమారుగా నాలుగో నడుము వెన్నుపూస మీదుగా పోతుంది. రెండోది ఆ గట్టు వెంట ముందుకు వస్తే వేలికి తగిలే మొన. దాని పేరు ఏఎస్ఐఎస్. మూడోది అదే గట్టు వెంట వెనక్కి పోతే దొరికేది పీఎస్ఐఎస్. చాలామందికి అక్కడ చర్మం మీద చిన్న గుంట కనిపిస్తుంది.

నాలుగోది గ్రేటర్ ట్రోకాంటర్. ఇది తొడ ఎముక పైభాగంలో బయటికి పొడుచుకు వచ్చిన ముడి. ఇలియాక్ క్రెస్ట్ నుంచి పక్కగా ఒక బెత్తెడు కిందికి రండి. అరచేయి అక్కడ ఆనించి పాదాన్ని లోపలికి, బయటికి తిప్పండి. అరచేతి కింద ఒక గట్టి ముడి కదులుతుంది. ఐదోది కూర్చునే బొక్క, ఇస్కియల్ ట్యూబరాసిటీ. బల్ల మీద కూర్చొని చేయి కింద పెట్టుకుంటే చేతిని నొక్కేది అదే. లేచి నిలబడగానే పిరుదు కండరం దాని మీదికి జారి కప్పేస్తుంది, కాబట్టి అంత తేలికగా దొరకదు.

ఈ ఐదు గుర్తులను కళ్లు మూసుకొని కూడా పట్టగలిగిన తర్వాతే కండరాలకు పోవాలి.

పని చెప్పే పాఠం

కరీంనగర్, ఆదిలాబాద్ పాత జిల్లాల్లో మన తల్లిదండ్రులు చేసే పనులను గమనిస్తే తుంటి, తొడ కండరాలన్నీ వాటిలో ఉన్నాయి. అందుకే మేము కండరాలను పుస్తకంలోని వరుసలో కాక, పనుల వరుసలో రాసుకున్నాం.

కూర్చున్నచోటి నుంచి లేవడం. దీనికి పెద్ద కండరం గ్లూటియస్ మాక్సిమస్. తుంటి ఎముక వెనుక భాగం, త్రికాస్థి దగ్గర మొదలై తొడ ఎముకకు, తొడ బయటి వైపున ఉండే ఇలియోటిబియల్ ట్రాక్ట్ అనే పట్టీకి అతుక్కుంటుంది. దీని నరం ఇన్ఫీరియర్ గ్లూటియల్. చదును నేల మీద మెల్లగా నడిచేటప్పుడు దీనికి పెద్దగా పని ఉండదు. గొంతుకూర్చున్న మనిషి లేచేటప్పుడు, మెట్లు ఎక్కేటప్పుడు, బరువు ఎత్తేటప్పుడు పని చేస్తుంది. బొగ్గుబాయిలో తట్ట ఎత్తిన కార్మికుని తుంటి బలం ఇదే. ఆదిలాబాద్ గోండు గూడేల్లో దీపావళి రోజుల్లో గుస్సాడీలు వంగి, కూర్చొని, ఎగిరి ఆడే ఆటలోనూ ఇదే కనిపిస్తుంది. ఆ ఆటకు పేరు తెచ్చిన మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ప్రకటించారు. ఆయన 2024లో మరణించారు. తాకి చూడటానికి స్నేహితుణ్ణి బోర్లా పడుకోబెట్టండి. మోకాలు మడిచి తొడను మంచం నుంచి కొంచెం పైకి లేపమనండి. పిరుదు గట్టిపడుతుంది. మోకాలు ఎందుకు మడవాలంటే, అప్పుడు తొడ వెనుక కండరాలు వదులై, భారం పిరుదు కండరం మీద పడుతుంది.

ఒంటికాలి మీద నిలవడం. దీనికి గ్లూటియస్ మీడియస్, దాని కింద గ్లూటియస్ మినిమస్. రెండింటికీ సుపీరియర్ గ్లూటియల్ నరమే. ఇలియాక్ క్రెస్ట్‌కు, గ్రేటర్ ట్రోకాంటర్‌కు మధ్య చేయి పెట్టి ఆ కాలి మీదే నిలబడండి. చేతి కింద కండరం రాయిలా అవుతుంది. రెండో కాలు ఎత్తినప్పుడు నడుము ఆ వైపుకు పడిపోకుండా ఆపేది ఇదే. ఇది బలహీనపడితే ఎత్తిన కాలి వైపు నడుము కిందికి జారుతుంది. జర్మన్ సర్జన్ ట్రెండెలెన్‌బర్గ్ 1895లో దీన్ని వివరించాడు కాబట్టి ఆ గుర్తుకు ఆయన పేరే ఉంది. నడకలో ప్రతి అడుగూ ఒంటికాలి మీద నిలవడమే. కాబట్టి ఎవరైనా ఊగుతూ నడుస్తుంటే ముందు ఈ కండరాన్ని గుర్తు చేసుకోవాలి.

సక్లం ముక్లం పెట్టుకొని కూర్చోవడం. దీని కండరం సార్టోరియస్. శరీరంలోని అన్ని కండరాల్లో పొడవైనది. ఏఎస్ఐఎస్ దగ్గర మొదలై, తొడ మీదుగా ఏటవాలుగా దిగి, మోకాలి లోపలి వైపు కింద అతుక్కుంటుంది. తొడను ముందుకు లేపి, పక్కకు తీసి, బయటికి తిప్పి, మోకాలు మడుస్తుంది. ఈ నాలుగు పనులు కలిపితే బాసింపట్టు వేసినట్టు. లాటిన్‌లో సార్టర్ అంటే దర్జీ. పూర్వం యూరప్ దర్జీలు అలా కూర్చొని కుట్టేవారు. ఆ పేరు పెట్టినవారు కోరుట్లలోనో నిర్మల్‌లోనో పుట్టి ఉంటే ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుట్టే మన అమ్మల పేరు పెట్టేవారు. బల్ల మీద కూర్చొని ఒక మడమను రెండో మోకాలి మీద పెట్టండి. ఇప్పుడు ఆ కాలిని కొంచెం పైకి లేపండి. ఏఎస్ఐఎస్ కింద తాడులా లేచేది సార్టోరియస్. ఇంకొక మాట. గంటల తరబడి అలా కూర్చుంటే మోకాలి బయటి వైపు కింద ఫిబులా ఎముక మెడ చుట్టూ తిరిగే నరం నొక్కుకుపోయి పాదం తిమ్మిరెక్కుతుంది. అరగంటకోసారి లేచి నాలుగడుగులు నడవమని ఇంట్లో చెప్పండి.

మోకాలు చాపడం. దీనికి క్వాడ్రిసెప్స్, నరం ఫెమోరల్. రెక్టస్ ఫెమోరిస్, వాస్టస్ లాటరాలిస్, వాస్టస్ మీడియాలిస్, వాస్టస్ ఇంటర్‌మీడియస్ అనే నాలుగూ కలిసి మోకాలి చిప్ప మీదుగా కిందికి అతుక్కుంటాయి. వీటిలో తుంటి కీలును కూడా దాటేది రెక్టస్ ఒక్కటే. కాలు చాపి కూర్చొని, మోకాలిని నేలకు అదిమినట్టు బిగించండి. చిప్పకు పైన లోపలి వైపు నీటిబొట్టు ఆకారంలో ఉబ్బేది వాస్టస్ మీడియాలిస్. మోకాలి దెబ్బ తర్వాత అన్నిటికంటే ముందు సన్నబడినట్టు కంటికి కనిపించేది సాధారణంగా ఇదే. గుంట మగ్గం మీద కాళ్లతో తొక్కుతూ నేసే సిరిసిల్ల నేతన్న తొడలో ఈ కండరం రోజంతా పని చేస్తుంది.

నడుము వంచి నాటు వేయడం. దీనికి తొడ వెనుక ఉండే హామ్‌స్ట్రింగ్స్. బైసెప్స్ ఫెమోరిస్, సెమిటెండినోసస్, సెమిమెంబ్రనోసస్ అని మూడు. కూర్చునే బొక్క దగ్గర మొదలై మోకాలి కిందికి పోతాయి. బైసెప్స్ పొట్టి తల మాత్రం తొడ ఎముక నుంచే వస్తుంది. నరం సయాటిక్. పొలంలో మోకాళ్లు చాపి నడుము వంచినప్పుడు శరీరం ముందుకు పడిపోకుండా ఇవి, పిరుదు కండరం కలిసి వెనుక నుంచి పట్టి ఉంచుతాయి. వానాకాలం నాట్ల రోజుల్లో అమ్మ రాత్రి తొడ వెనుక పట్టేసిందని ఎందుకు అంటుందో ఇప్పుడు అర్థమవుతుంది. బోర్లా పడుకోబెట్టి, మడమ మీద చేయి అడ్డం పెట్టి, మోకాలు మడవమనండి. మోకాలి వెనుక బయటి వైపు ఒక తాడు తేలుతుంది. అది బైసెప్స్. లోపలి వైపు సన్నగా, గట్టిగా తేలేది సెమిటెండినోసస్, దాని లోతున వెడల్పుగా ఉండేది సెమిమెంబ్రనోసస్. బయటి తాడు పక్కనే నరం ఉంటుంది కాబట్టి అక్కడ నొక్కవద్దు.

చెట్టును పట్టుకోవడం. మోకు, ముస్తాదుతో తాడి చెట్టు ఎక్కే గీత కార్మికుణ్ణి చూడండి. చేతులు మోకును పైకి జరిపే క్షణంలో ఆయన బరువును ఆపేది చెట్టును అదిమిన కాళ్లు. తొడలను దగ్గరకు లాగే ఆ కండరాలే అడక్టర్లు. పెక్టీనియస్, అడక్టర్ లాంగస్, బ్రెవిస్, మాగ్నస్, గ్రాసిలిస్ అని ఐదు. ముఖ్యమైన నరం ఆబ్ట్యురేటర్. మడిచిన దుప్పటిని మోకాళ్ల మధ్య పెట్టుకొని అదమండి. గజ్జ దగ్గర లోపలి వైపు తాడులా తేలేది అడక్టర్ లాంగస్. దీన్ని ఎవరికి వారే చూసుకోవాలి.

తొడను కడుపు వైపు లేపే ఇలియోసోయాస్ లోతుగా ఉంటుంది. దాన్ని తాకి చూడటం టీచర్ దగ్గరే నేర్చుకోవాలి, హాస్టల్‌లో వద్దు.

ఒక అంగుళం తేడా

ఈ పాఠం మార్కుల కోసమే అయితే ఇంత రాయవలసిన పని లేదు. మన పల్లెల్లో జ్వరమొచ్చినా, ఒళ్లు నొప్పులొచ్చినా తుంటికి సూది వేయించుకోవడం అలవాటు. మాకు తెలిసిన ఒక ఊళ్లో జ్వరానికి తుంటి మీద సూది వేయించుకున్న పిల్లవాడికి ఆ సాయంత్రం నుంచే పాదం పైకి లేవలేదు. నడుస్తుంటే చెప్పు జారిపోయేది. సూది వేసినవారికి చెడ్డ ఉద్దేశం లేదు. వారికి ఆ చోట కింద ఏముందో ఎవరూ నేర్పలేదు.

అక్కడ ఉన్నది సయాటిక్ నరం. శరీరంలో అన్నిటికన్నా లావైన నరం. త్రికాస్థి నుంచి గ్రేటర్ ట్రోకాంటర్‌కు పోయే పిరిఫార్మిస్ అనే కండరం కింది నుంచి బయటికి వస్తుంది. కొందరిలో ఆ కండరం మధ్య నుంచి కూడా వస్తుంది. తర్వాత గ్రేటర్ ట్రోకాంటర్‌కు, కూర్చునే బొక్కకు మధ్యగా తొడలోకి దిగుతుంది. మోకాలి కింద కాలికి, పాదానికి దాదాపు అన్ని ఆజ్ఞలూ దీని ద్వారానే పోతాయి. సూది ఈ నరానికి తగిలితే, లేదా మందు దాని పక్కన చేరితే, పాదం పడిపోవచ్చు.

అందుకే పిరుదును నాలుగు భాగాలు చేసి పైన బయటి భాగంలోనే వేయాలని పుస్తకాలు చెబుతాయి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. పిరుదు అంటే మెత్తగా ఉబ్బిన చోటు మాత్రమే అనుకొని దాన్ని నాలుగు చేస్తే, బయటి పై భాగం కూడా నరానికి దగ్గరగా పడుతుంది. ఇలియాక్ క్రెస్ట్ నుంచి కొలవాలి. బొక్క గుర్తు తెలియకపోతే కొలత తప్పుతుంది.

ఇంతకన్నా భద్రమైన చోటు పక్క తుంటి. దీన్ని వెంట్రోగ్లూటియల్ అంటారు. రోగి కుడి తుంటికి మన ఎడమ చేయి, ఎడమ తుంటికి కుడి చేయి వాడాలి. అరచేయి గ్రేటర్ ట్రోకాంటర్ మీద ఆనించి, చూపుడు వేలు ఏఎస్ఐఎస్ మీద పెట్టి, నడిమి వేలును ఇలియాక్ క్రెస్ట్ వైపు చాపాలి. రెండు వేళ్ల మధ్య ఏర్పడే త్రికోణమే ఆ చోటు. అక్కడ ఉన్నది మనం ఒంటికాలి మీద నిలబడి తాకిన గ్లూటియస్ మీడియస్సే. పెద్ద నరం అక్కడ లేదు.

పసిపిల్లలకు పిరుదు కండరం ఇంకా పెరిగి ఉండదు. అందుకే 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్ టీకాను తొడ ముందు బయటి వైపు, నడిమి భాగంలో వేస్తారు. అక్కడ వాస్టస్ లాటరాలిస్ ఉంది. అంగన్‌వాడీలో ఏఎన్ఎం అక్క పాప తొడకే ఎందుకు సూది వేస్తుందో ఇంట్లో అడిగితే ఇక మీరు చెప్పగలరు.

ఈ వ్యాసం చదివినంత మాత్రాన సూది పట్టే అర్హత రాదు. అది శిక్షణతో రావాలి. కానీ మాత్రతో పోయే జ్వరానికి సూది ఎందుకని అడిగే ధైర్యం మాత్రం అందరికీ ఉండాలి.

అన్ని నొప్పులూ కండరానివి కావు

చేయి నేర్చిన తర్వాత వచ్చే పెద్ద ప్రమాదం, ప్రతి నొప్పినీ కండరం నొప్పే అనుకోవడం. ఉమ్మడి ఆదిలాబాద్ గూడేల పిల్లలు మన హాస్టళ్లలో ఉన్నారు. ఆదివాసీలలో సికిల్ సెల్ వ్యాధి ఎక్కువగా కనిపిస్తుంది. ఈ వ్యాధిలో ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి మారి సన్న రక్తనాళాలకు అడ్డుపడతాయి. తొడ ఎముక తలకు, అంటే బంతి గిన్నె కీలులోని బంతికి, రక్తం అందకపోతే ఆ ఎముక చచ్చుబడుతుంది. దీనినే అవాస్క్యులర్ నెక్రోసిస్ అంటారు. నొప్పి గజ్జలో, తొడలో, ఒక్కోసారి మోకాలిలో మాత్రమే తెలుస్తుంది. కాలును లోపలికి తిప్పితే నొప్పి పుడుతుంది, తిరగడం తగ్గుతుంది. అలాంటి కాలికి మాలిష్ చేస్తూ రోజులు గడపకూడదు. రక్తపరీక్ష, ఎక్స్‌రే, అవసరమైతే ఎంఆర్ఐ కావాలి. కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ మిషన్ ప్రారంభించింది. రక్తపరీక్షల బృందం వచ్చినప్పుడు సిగ్గుపడకుండా పరీక్ష చేయించుకోండి.

అలాగే జ్వరంతో పాటు తుంటి నొప్పి ఉండి, పిల్లవాడు కాలు మోపలేకపోతే కీలులో చీము పట్టి ఉండవచ్చు. తెల్లవారే దాకా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

వారం రోజుల అభ్యాసం

మొదటి రెండు రోజులు ఐదు బొక్క గుర్తులు. మూడో రోజు పిరుదు కండరాలు. నాలుగో రోజు తొడ ముందు భాగం, ఐదో రోజు వెనుక భాగం. ఆరో రోజు స్కెచ్ పెన్నుతో కాలి మీద గీసి పేర్లు రాయడం. ఏడో రోజు ఒకరినొకరు అడగడం. ఇవిగో ఐదు ప్రశ్నలు:

1. కుడి కాలి మీద నిలబడితే ఎడమ వైపు నడుము కిందికి జారింది. ఏ వైపు, ఏ కండరం బలహీనంగా ఉంది?

2. క్వాడ్రిసెప్స్‌లో రెండు కీళ్లను దాటేది ఏది?

3. మోకాలి వెనుక బయటి వైపు తేలే తాడు ఏ కండరానిది?

4. పసిపిల్లలకు పిరుదు మీద సూది ఎందుకు వేయరు?

5. మోకాలి నొప్పి అన్న పిల్లవాడి తుంటిని కూడా ఎందుకు పరీక్షించాలి?

జవాబులన్నీ ఈ వ్యాసంలోనే ఉన్నాయి.

ఇంగ్లీషు రాదని, లాటిన్ పేర్లు నోరు తిరగవని ఈ చదువులకు దూరం కావద్దు. నోరు తిరగడానికి ఆరు నెలలు చాలు. చేయి నేర్వడానికి ఓపిక కావాలి, ఎదుటి మనిషి మీద గౌరవం కావాలి. ఈ రెండూ మన ఇళ్లలో కష్టం చేసిన మనుషుల నుంచి మనకు ముందే అందాయి. బాగా చదవండి. రేపు మీ ఊళ్లో సూది పట్టే చేయి, నొప్పి పట్టే చేయి మీదే కావాలని కోరుకుంటూ, సెలవు.